ఏరియేటర్ పెట్టె ఎందుకు నిద్రపోయింది: చిన్న తయారీదారుకు ఈఎంసీ మార్గదర్శి

తెల్లవారుజామున మూడున్నరకు ఫోను మోగింది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న పెద్దాయన. "అబ్బాయా, నీ పెట్టె మళ్ళీ నిద్రపోయింది. మూడు ఏరియేటర్లూ నిలబడిపోయాయి."

"బాబాయ్, పెట్టెను వదిలేసి స్టార్టర్ చేత్తో నొక్కండి. నేను బయలుదేరుతున్నాను."

రొయ్యల సాగు తెలిసినవారికి ఆ వేళ విలువ చెప్పనక్కర్లేదు. పగలు నీటిలోని పచ్చటి నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి దాన్ని ఖర్చు పెట్టేస్తాయి. పొద్దు పొడవబోయే ముందు నీటిలో ఆక్సిజన్ అన్ని వేళలకంటే తక్కువగా ఉంటుంది. నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలే ఏరియేటర్లు. వాటిని నడపడానికి నేను అమ్మిన కంట్రోలర్ సరిగ్గా ఆ వేళకే మొద్దునిద్ర పోయింది. నేను వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపి మళ్ళీ వేయగానే ఏమీ ఎరగనట్టు లేచింది. ఏ భాగమూ కాలలేదు, ఏ తీగా ఊడలేదు.

'ఆపి వేస్తే పనిచేసే' ఈ జబ్బు విద్యుదయస్కాంత అనుకూలత లోపం. ఈ రంగంలో అందరూ ఈఎంసీ అనే అంటారు. దానికి రెండు ముఖాలున్నాయి. మన వస్తువు తన రొదతో, అంటే అది వెదజల్లే అనవసరపు విద్యుత్ అలలతో, ఇరుగుపొరుగు వస్తువులను ఇబ్బంది పెట్టకూడదు. ఇరుగుపొరుగు రొదకు తాను తూలిపోకూడదు. మొదటిది ఉద్గారం, రెండోది సహనం. చట్టాలు ఎక్కువగా మొదటిదాన్ని పట్టుకుంటాయి. రైతు రెండోదాన్నే పట్టుకుంటాడు, అదీ తెల్లవారుజామున.

నెల్లూరు, ఒంగోలు వైపు చిన్న షెడ్డులో మొబైల్ స్టార్టర్లు (ఫోనుతో మోటారు నడిపేవి), ఏరియేటర్ కంట్రోలర్లు, చీమకుర్తి రాతి కర్మాగారాలకు ప్యానెళ్ళు తయారుచేసేవారిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద కంపెనీలకు ఈ పనికి విభాగాలు ఉంటాయి. మనకు ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, చెన్నై రైలు టికెట్టు ఉంటాయి.

మొదటి మెట్టు: కరెంటు తిరుగుదారి గీయండి

వెళ్ళిన ప్రతి కరెంటూ బయలుదేరిన చోటికి తిరిగి రావాలి. ఈ విద్యలో మిగతాదంతా ఆ మాటకు వ్యాఖ్యానమే. తిరుగుదారి మనం వేయకపోతే అది తనే వెతుక్కుంటుంది: సెన్సర్ తీగ మీదుగానో, మోటారు బాడీ మీదుగానో, పక్కింటి రేడియో మీదుగానో.

కాబట్టి మొదట కాగితం తీసుకోండి. సర్క్యూట్ బొమ్మ కాదు, పెట్టెలో తీగలు నిజంగా ఎలా పడున్నాయో ఆ బొమ్మ వేయండి. కరెంటు వెళ్ళే దారి ఎర్ర పెన్నుతో, తిరిగొచ్చే దారి నీలం పెన్నుతో గీయండి. రెండు గీతల మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత పెద్ద ఏంటెన్నా మీరు కట్టినట్టు. ఆ ఏంటెన్నా రొదను పంపుతుంది, అంతే సులువుగా పట్టుకుంటుంది కూడా.

నా పెట్టెకు ఈ బొమ్మ వేసేసరికి దొంగ దొరికాడు. కాంటాక్టర్ అంటే మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చు, దాన్ని లాగేది కాయిల్. మూడో ఏరియేటర్ కాంటాక్టర్ కాయిల్ 230 వోల్టులది. దాని తీగ, ఆక్సిజన్ సెన్సర్ తీగ ఒకే పీవీసీ డక్టులో మీటరున్నర దూరం ఒకదాన్నొకటి ఆనుకుని ప్రయాణిస్తున్నాయి. కాయిల్ తనలోని కరెంటును ఉన్నపళంగా ఆగనివ్వదు. దాన్ని నడిపే చిన్న స్విచ్చు రిలే; రిలే కాంటాక్టు విడిపోగానే ఆ సన్నటి సందులో వోల్టేజీ వేలల్లోకి లేస్తుంది, నిప్పురవ్వ దూకుతుంది, ఆరిపోతుంది, మళ్ళీ దూకుతుంది. రెప్పపాటులో వందల రవ్వలు. ప్రతి రవ్వ అంచూ నానోసెకన్లలో లేచే తరంగం. అది పక్క తీగలోకి ఎక్కి, బోర్డు మీద పెట్టెకు మెదడైన మైక్రోకంట్రోలర్ చిప్ రీసెట్ కాలు దాకా వెళ్ళి దాన్ని తడబరుస్తోంది. రాత్రంతా కాంటాక్టర్లు పడుతూ లేస్తూ ఉంటాయి కాబట్టి ఏదో ఒక రాత్రి గురి తప్పకుండా తగులుతుంది.

మందు రెండు టీల ఖర్చు. 100 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం (కరెంటు లైను మీద పెట్టదగ్గ) కెపాసిటర్ వరసగా కలిపి కాయిల్ రెండు కాళ్ళ మధ్య పెట్టాలి. దీన్నే స్నబ్బర్ అంటారు. కాయిల్ దగ్గరే పెట్టాలి, రిలే కాంటాక్టు మీద కాదు. కాంటాక్టు మీద పెడితే అది తెరిచి ఉన్నప్పుడు కూడా ఆ కెపాసిటర్ గుండా 50 హెర్ట్జ్ దగ్గర 7 మిల్లీఆంపియర్ల కరెంటు కారుతూ ఉంటుంది. చిన్న కాంటాక్టర్ పూర్తిగా విడవకుండా గుయ్‌మంటూ కూర్చోవచ్చు. ఒకసారి అదీ చేశాను.

రెండో మెట్టు: మీకు వర్తించే నియమాలు ఏవో తేల్చుకోండి

ఇక్కడ చాలామంది కంగారు పడతారు, లేదా ఏమీ పట్టించుకోరు. రెండూ అనవసరమే.

యూరప్‌లో దాదాపు అన్ని ఎలక్ట్రానిక్ వస్తువులకూ 2014/30/ఈయూ అనే ఈఎంసీ ఆదేశం వర్తిస్తుంది. రేడియో ఉంటే 2014/53/ఈయూ. అమెరికాలో ఎఫ్‌సీసీ పదిహేనో భాగం. మన దేశంలో అన్ని వస్తువులకూ కలిపి అలాంటి ఒకే ఈఎంసీ చట్టం లేదు. ముక్కలు ముక్కలుగా ఉంది. ఆ ముక్కలు ఇవి.

భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, 2012 నాటి ఉత్తర్వుతో కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి నమోదు పెట్టింది. అడాప్టర్లు, లిథియం బ్యాటరీలు, ఎల్ఈడీ డ్రైవర్లు అందులో ఉన్నాయి. అది చూసేది భద్రతను, అంటే షాక్, మంట వంటివాటిని. ఈఎంసీని కాదు. బీఐఎస్ నంబరు ఉంది కదా, ఈఎంసీ కూడా అయిపోయినట్టే అనుకోవడం మన వైపు చాలా షెడ్లలో విన్నాను. మీ పెట్టెతో అడాప్టర్ గానీ లిథియం బ్యాటరీ గానీ ఇస్తుంటే వాటి మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి నిజమో కాదో చూసుకోండి. ముద్ర వేయడానికి సిరా చాలు కదా.

పెట్టెలో వైఫై, బ్లూటూత్, లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపేది) వంటి రేడియో ఉంటే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దగ్గర ఈటీఏ అనే ఆమోదం కావాలి. సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తారు. లోరా వాడేవారు మాడ్యూల్ కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని లోరా పట్టీ 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్ళు అమెరికా కోసం చేసినవి, ఇక్కడ వాడకూడదు. సిమ్ కార్డుతో డేటా పంపే గేట్‌వే తయారుచేస్తే టెలికాం ఇంజనీరింగ్ కేంద్రం వారి తప్పనిసరి పరీక్షా పథకం మీ వస్తువుకు వర్తిస్తుందేమో వారి జాబితాలో చూడండి. 2017లో టెలిగ్రాఫ్ నిబంధనలకు చేసిన సవరణతో వచ్చిన ఆ పథకంలో భద్రతతో పాటు ఈఎంసీ పరీక్షలు కూడా ఉన్నాయి. ఈ జాబితాలు మారుతుంటాయి కాబట్టి డిజైన్ మొదలుపెట్టే రోజు ఒకసారి, అమ్మకానికి ముందు ఒకసారి చూడాలి.

చట్టం అడగకపోయినా టెండరు అడుగుతుంది. ప్రభుత్వ కొనుగోళ్ళలో ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలను పరిశీలించే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ప్రయోగశాల నివేదిక కావాలనే షరతు తరచూ కనిపిస్తుంది. ఎవరూ అడగకపోయినా మూడున్నర గంటల ఫోను అడుగుతుంది.

ఇక ఏ ప్రమాణానికి పరీక్షించాలి? ఏరియేటర్ కంట్రోలర్‌కు నేను పెట్టుకున్నది పారిశ్రామిక పరిసరాల జత: సహనానికి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 61000-6-2, ఉద్గారానికి 61000-6-4. ఇళ్ళలో వాడే వస్తువైతే 61000-6-1, 61000-6-3. ఇంటి వస్తువుకు ఉద్గార పరిమితి కఠినం, ఎందుకంటే గోడ అవతలే పొరుగువాడి రేడియో ఉంటుంది. సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ సంఘం 1934లో పుట్టిందే రేడియో వినేవారి ఇబ్బంది తీర్చడానికి. దాని ఇంటి తరగతి, అంటే క్లాస్ బీ, అర మెగాహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ వరకు కరెంటు తీగ మీద 56 డెసిబెల్ మైక్రోవోల్టులకు మించిన రొదను ఒప్పుకోదు. అంటే 0.63 మిల్లీవోల్టు. 230 వోల్టుల లైను మీద మిల్లీవోల్టు కూడా కాని అలను పట్టుకుని తప్పు అంటారన్నమాట. పారిశ్రామిక తరగతికి అక్కడ 73 డెసిబెళ్ళు; వోల్టేజీ లెక్కలో ఏడు రెట్లు వెసులుబాటు. తీగ మీద కొలత 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా, గాలిలో కొలత అక్కడి నుంచి పైకి సాగుతుంది.

మూడో మెట్టు: బోర్డు

రెండు పొరల బోర్డులో కూడా మంచి పని చేయవచ్చు, కానీ కింది పొరను మొత్తం గ్రౌండుకే వదిలేయాలి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర తిరుగు కరెంటు పొట్టి దారిన పోదు. వెళ్ళిన గీత కిందే నీడలా వెనక్కి వస్తుంది. ఆ నీడ దారికి అడ్డంగా గ్రౌండును కోసి ఇంకో గీత లాగారంటే కరెంటు చుట్టూ తిరిగి రావాలి. ఆ చుట్టే ఏంటెన్నా. అనలాగ్ గ్రౌండు, డిజిటల్ గ్రౌండు అని బోర్డును రెండు ముక్కలు చేయమని పాత సలహా ఒకటి తిరుగుతుంటుంది. నా అనుభవంలో ఆ సలహా చెరిచిన బోర్డులే ఎక్కువ. ముక్కలు చేయకండి; రొద చేసే భాగాలను ఒక పక్క, సున్నితమైనవాటిని ఇంకో పక్క కూర్చోబెట్టండి, నేల ఒకటే ఉండనివ్వండి.

ప్రతి ఐసీ (చిప్) పవర్ కాలి పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఆనుకుని ఉండాలి. రీసెట్ కాలిని గాలికి వదలకండి. పుల్-అప్ రెసిస్టర్, చిన్న కెపాసిటర్ ఐసీ పక్కనే పెట్టండి. చిప్‌కు తాళం వేసే క్రిస్టల్‌ను బోర్డు అంచుకు తోయకండి. బయటికి వెళ్ళే కనెక్టర్లన్నీ ఒకే అంచున ఉంటే సగం బాధ తప్పుతుంది: రెండు ఎదురెదురు అంచుల్లో తీగలుంటే వాటి మధ్య బోర్డు ఊయల ఊగుతుంది.

సిమ్ కార్డుతో ఫోను నెట్‌వర్కుకు కలిపే జీఎస్ఎం మోడెం గురించి ఒక మాట. 2జీ మోడెం ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, రెండు ఆంపియర్ల దాకా కరెంటును గుటక వేస్తుంది. పాత టేప్‌రికార్డర్ పక్కన సెల్‌ఫోన్ పెడితే వచ్చే 'టిటిట్ టిటిట్' రొద అదే, 217 హెర్ట్జ్ తాళం. మోడెం పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, దాని సరఫరాను మైక్రోకంట్రోలర్ సరఫరా నుంచి వేరుచేయండి.

నాలుగో మెట్టు: తీగలు, పెట్టె, ఎర్తు

పరీక్షల్లో తప్పేవాటిలో ఎక్కువ భాగం బోర్డు తప్పు కాదు, దానికి వేలాడే తీగల తప్పు. ఒక మీటరు తీగ మీద 50 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మైక్రోఆంపియర్ల రొద కరెంటు ఉంటే చాలు, ఇంటి తరగతి పరిమితి అంచుకు చేరినట్టే. మైక్రోఆంపియర్లు, అవును.

కాయిల్ తీగలు, మోటారు తీగలు ఒక డక్టులో. సెన్సర్, ఏంటెన్నా తీగలు వేరే డక్టులో. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి. గుంట గట్టు మీద వంద మీటర్లు పోయే ఆర్‌ఎస్-485 (రెండు తీగల మీద డేటా పంపే పద్ధతి) సెన్సర్ లైనుకు మెలితిప్పిన జత తీగ, రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్, పెట్టెలోకి అడుగుపెట్టే చోట ఎక్కువైన వోల్టేజీని మింగే టీవీఎస్ డయోడ్ వాడండి. రెండు చివరల గ్రౌండుల తేడా పెరిగి, అందుకునే ఐసీ గ్రౌండుతో పోలిస్తే తీగల వోల్టేజీ -7 నుంచి +12 వోల్టుల హద్దు దాటితే ఆ లైను పని చేయదు. పిడుగుల కాలంలో దాటుతుంది. అందుకే ఇప్పుడు రెండు వైపుల గ్రౌండులను కలపని ఐసొలేటెడ్ ఐసీలే వాడుతున్నాను.

చీమకుర్తి వైపు రాయి కోసే, పాలిష్ పట్టే కర్మాగారాల్లో వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవులు) ఉన్న ప్యానెల్ పక్కన మీ పెట్టె పెట్టాల్సి వస్తే ఆట మారిపోతుంది. వీఎఫ్‌డీ నుంచి మోటారుకు పోయే తీగ తప్పనిసరిగా షీల్డు (లోహపు తొడుగు) ఉన్నదే కావాలి. ఆ షీల్డును చివర్లో జడలా అల్లి ఒక స్క్రూకు కడితే షీల్డు వేయనట్టే. మెటల్ క్లాంపుతో చుట్టూ మొత్తం పట్టించాలి. ప్యానెల్ షీటు మీద పెయింట్ గీకి, పళ్ళ వాషర్ వేసి బిగించాలి. పెయింట్ మీద బిగించిన బోల్టు చూపుకే బోల్టు.

ఎర్తు మీద మన ఎలక్ట్రీషియన్లకు ఉన్న నమ్మకం గొప్పది, కానీ అది 50 హెర్ట్జ్ నమ్మకం. ఎర్తు తీగ మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. 5 మీటర్ల తీగ 10 మెగాహెర్ట్జ్ దగ్గర 314 ఓముల అడ్డంకి. షాక్ నుంచి ప్రాణం కాపాడటానికి ఎర్తు కావాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ రొదను మింగడానికి దూరంగా పాతిన రాడ్ పనికిరాదు. పెట్టె లోపలి మెటల్ ప్లేటే రొదకు నేల. మైపాడు వైపు ఉప్పు నేలల్లో ఎర్తు రెసిస్టెన్స్ బాగా తక్కువ వస్తుంది, అదే ఉప్పు జీఐ రాడ్‌ను తినేస్తుంది కూడా. ఉప్పుగాలికి పెట్టె లోపలి లగ్గులు పచ్చబడతాయి. వాటిని ఏడాదికోసారి విప్పి చూడండి.

ప్లాస్టిక్ పెట్టె నీటి నుంచి కాపాడుతుంది, రేడియో తరంగాల నుంచి కాదు. దానికి అడుగున ఒక అల్యూమినియం ప్లేటు వేసి బోర్డు గ్రౌండును పొట్టి స్పేసర్లతో దానికి కలిపితే సగం షీల్డు వచ్చినట్టే.

ఐదో మెట్టు: కరెంటు లోపలికి వచ్చే గుమ్మం

కొనుక్కొచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే 230 వోల్టులను బోర్డుకు కావాల్సిన డీసీగా మార్చే సరఫరాను, విప్పి చూడండి. బోర్డు మీద రొదను ఆపే కాయిల్, అంటే కామన్ మోడ్ చోక్, గుర్తు అచ్చు వేసి ఉంటుంది, చోక్ ఉండదు. దాని స్థానంలో రెండు తీగ ముక్కలు సోల్డర్ చేసి ఉంటాయి. ఎక్స్ కెపాసిటర్ చోటు ఖాళీగా వెక్కిరిస్తుంటుంది. అలాంటిది పెట్టి పరీక్షకు వెళ్తే డబ్బు దండగ. ఫిల్టర్ ఉన్నది కొనండి, లేదా బయట ఫిల్టర్ కలపండి. ఫిల్టర్‌ను తీగ పెట్టెలోకి దూరే రంధ్రం దగ్గరే బిగించాలి. ఫిల్టర్‌లోకి వచ్చే తీగ, బయటికి పోయే తీగ ఒకదాన్నొకటి తాకుతూ పోతే రొద ఫిల్టర్ మీదుగా గంతేసి పోతుంది.

సర్జ్, అంటే లైను మీద ఉన్నపళంగా లేచే వోల్టేజీ, కోసం దాన్ని మింగే ఎంఓవీ అనే భాగం పెట్టాలి. పుస్తకాలు 230 వోల్టుల లైనుకు 275 వోల్టుల ఎంఓవీ చెబుతాయి. మన పల్లె లైన్లలో న్యూట్రల్ తెగడం వింత కాదు. తెగితే సింగిల్ ఫేజ్ పెట్టెకు 400 వోల్టుల దాకా రావచ్చు, 275 ఎంఓవీ నిప్పై మండుతుంది. నేను 385 లేదా 420 వోల్టులవి వాడతాను; ఆపే వోల్టేజీ కొంచెం పెరుగుతుంది, ఆ తేడాను తట్టుకునే ఎస్‌ఎంపీఎస్ ఎంచుకుంటాను. ఎంఓవీకి ముందు ఫ్యూజు ఉండాలి, వీలైతే వేడికి తెగే రక్షణ ఉన్న ఎంఓవీ కొనాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ఉరుములు మీ డిజైన్‌ను ఉచితంగా పరీక్షిస్తాయి.

ఆరో మెట్టు: చచ్చినా తిరగాలి

ఇది ఏ ప్రమాణంలోనూ ఈ మాటల్లో ఉండదు. కంట్రోలర్ ఏ కారణంతో పడిపోయినా ఏరియేటర్ తిరుగుతూనే ఉండాలి. రిలేలో ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కాంటాక్టు బదులు ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్టు వాడితే సరిపోతుంది: ఆపాలనుకున్నప్పుడే రిలేకు కరెంటు ఇస్తాం, మిగతా వేళల్లో అది వదిలేసి ఉంటుంది, మోటారు నడుస్తుంది. కరెంటు బిల్లు కొంచెం పెరగవచ్చు, పంట పోదు. చిప్ మొద్దుబారితే దాన్ని మళ్ళీ లేపే వాచ్‌డాగ్ టైమర్ తప్పనిసరి. ఇన్‌పుట్‌ను ఒకసారి చదివి నమ్మకండి, వరసగా మూడుసార్లు ఒకేలా వస్తే నమ్మండి. రిలే స్థితిని సెకనుకోసారి తిరగరాయండి.

ఏడో మెట్టు: బల్ల మీద పరీక్ష

ప్రయోగశాల గదిలో గంటకు అద్దె కడుతూ తప్పులు వెతకడం కంటే ఖరీదైన అలవాటు లేదు. అక్కడ కనిపించేవాటిలో చాలావరకు ఇక్కడే కనిపిస్తాయి.

అన్నిటికంటే చవకైన పరికరం పాత ట్రాన్సిస్టర్ రేడియో. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి పెట్టె దగ్గరికి తీసుకురండి. ఎస్‌ఎంపీఎస్ గురగుర వినిపిస్తుంది. తీగల వెంట జరుపుకుంటూ పోతే ఏ తీగ నేరస్థుడో చెవులే చెబుతాయి. ఆ తర్వాతి మెట్టు టైనీఎస్‌ఏ వంటి చేతి స్పెక్ట్రమ్ అనలైజర్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత రొద ఉందో చూపేది. కొయాక్సియల్ తీగ చివరను చిన్న వలయంలా వంచి సోల్డర్ చేస్తే దగ్గరి క్షేత్రాల ప్రోబ్ అవుతుంది. క్లిప్పులా మూసుకునే ఫెర్రైట్ మీద నాలుగైదు చుట్లు చుడితే తీగ మీద రొద కరెంటు కొలిచే ప్రోబ్ అవుతుంది. ఈ రెండింటితో అంకెలు సరిగ్గా రావు, పోలిక వస్తుంది: మార్పు చేసే ముందు ఎంత, చేశాక ఎంత. మనకు కావాల్సింది అదే. ఆరు డెసిబెళ్ళు తగ్గిందంటే రొద వోల్టేజీ సగమైనట్టు.

షెడ్డులో ఎఫ్‌ఎం స్టేషన్లు, టవర్లు అడ్డం వస్తాయి. ఒక వేసవిలో బ్యాటరీ, అనలైజర్, ఒక ఏంటెన్నా పట్టుకుని పెన్న ఇసుకలోకి వెళ్ళి కొలిచాను. గేదెలు కాసే పిల్లలు ఏదో నిధి వెతుకుతున్నాననుకుని మధ్యాహ్నం దాకా వెంట తిరిగారు.

కరెంటు తీగ మీద రొద కొలవాలంటే లిసన్ అనే పెట్టె కావాలి: 50 మైక్రోహెన్రీ కాయిళ్ళు, పెద్ద కెపాసిటర్లు ఉన్న నెట్‌వర్కు. ఆ కెపాసిటర్ల వల్ల అర ఆంపియర్‌కు పైగా కరెంటు ఎర్తులోకి పోతుంది. షాక్ నుంచి కాపాడే బ్రేకర్, అంటే ఆర్‌సీసీబీ, వెంటనే పడిపోతుంది. పడిపోతోందని దాన్ని తీసేసి కొలిచేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, లిసన్ ఎర్తు తీగను అన్నిటికంటే ముందు బిగించి అన్నిటికంటే చివర విప్పండి.

సహనానికి నాకిష్టమైన పరీక్ష గిలగిలలాడే కాంటాక్టర్. ఒక కాంటాక్టర్ కాయిల్‌ను దాని సొంత ఎన్‌సీ కాంటాక్టు గుండా కలపండి. లాగగానే తన కరెంటు తనే తెంపుకుంటుంది, వదలగానే మళ్ళీ లాగుతుంది. కందిరీగ తుట్టెలా గర్జిస్తుంది. స్నబ్బర్ పెట్టకండి, రొదే కావాలి ఇక్కడ. దాని తీగను మీ పెట్టె సెన్సర్ తీగ పక్కన మీటరు దూరం టేపుతో అతికించి నిమిషం పాటు నడపండి. ఐఈసీ 61000-4-4 అనే బర్స్ట్ పరీక్ష అనుకరించేది ఈ రవ్వలనే. ప్రయోగశాలలో కరెంటు లైను మీద 2 కిలోవోల్టులు, సిగ్నల్ తీగల మీద 1 కిలోవోల్టుతో చేస్తారు. నా పాత బోర్డు ఈ కందిరీగ ముందు నాలుగు సెకన్లు నిలవలేదు. కొత్తది నిమిషం నిలిచింది. 230 వోల్టులతో ఆట ఇది, పక్కన ఇంకొకరు లేకుండా చేయకండి.

వేలి స్పార్కు పరీక్షకు గ్యాస్ లైటర్ సరిపోతుంది: కనెక్టర్లు, స్విచ్చులు, డిస్‌ప్లే అంచుల దగ్గర క్లిక్కుమనిపించి చూడండి. అసలు పరీక్షలో తాకించి 4 కిలోవోల్టులు, గాలిలోంచి 8 కిలోవోల్టులు ఇస్తారు. చివరగా వాకీటాకీ లేదా 2జీ ఫోనును పెట్టె మీద పెట్టి కాల్ చేయండి, సెన్సర్ అంకె కదులుతోందేమో చూడండి.

ఎనిమిదో మెట్టు: ప్రయోగశాల

మనకు దగ్గర చెన్నై. నెల్లూరు నుంచి రోడ్డు మీద 175 కిలోమీటర్లు. అక్కడ సమీర్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు విద్యుదయస్కాంత కేంద్రం ఉంది. ప్రైవేటు ప్రయోగశాలలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో కూడా సదుపాయాలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా, మీకు కావాల్సిన ఆ ఒక్క ప్రమాణం సంఖ్య వారి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పరిధి పత్రంలో ఉందో లేదో ముందే చూడండి. సంస్థకు గుర్తింపు ఉండటం వేరు, ఆ పరీక్షకు ఉండటం వేరు.

వెళ్ళే ముందు రెండు పేజీల పరీక్షా ప్రణాళిక రాసుకోండి. ఏ స్థితిలో పెట్టె ఎక్కువ రొద చేస్తుంది, ఆ స్థితిలోనే నడపాలి: మోడెం డేటా పంపుతూ, రిలేలు పడుతూ లేస్తూ. ఏది జరిగితే ఉత్తీర్ణత, ఏది జరిగితే కాదు అన్నది మీరే రాసి ఇవ్వాలి. ప్రమాణం ఏ, బీ, సీ అని మూడు స్థాయిలు చెబుతుంది: పరీక్ష జరుగుతుండగా కూడా మామూలుగా పనిచేయడం, కాసేపు తడబడి తనే కోలుకోవడం, మనిషి వచ్చి సరిచేయాల్సి రావడం. ఎవరూ అడగకపోతే పరీక్షించే ఇంజనీరు దీపం వెలుగుతోందా లేదా అని మాత్రమే చూస్తాడు. 'ఏ పరిస్థితిలోనూ మోటారు ఆగకూడదు' అని నేను మొదటి వరుసలోనే రాస్తాను.

త్రీ ఫేజ్ సరఫరా ఎన్ని ఆంపియర్ల దాకా ఇస్తారో ఫోనులో అడగండి. ఒకసారి అడగకుండా వెళ్ళి, ఒక చోట సింగిల్ ఫేజ్ గదే ఖాళీగా ఉందని తెలిసి, పెట్టె మోసుకుని సాయంత్రం ఏదో ఒక రైలులో నిలబడి తిరిగి వచ్చాను.

కనీసం మూడు పెట్టెలు తీసుకెళ్ళండి. నిజంగా వాడే పొడవు తీగలు, ల్యాప్‌టాప్, ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిపే ప్రోగ్రాం), సోల్డరింగ్ ఐరన్, రకరకాల క్లిప్ ఫెర్రైట్లు, రాగి టేపు, వంటింటి అల్యూమినియం రేకు, ఒక గుప్పెడు కెపాసిటర్లు. వరస కూడా ముఖ్యం: ఉద్గార పరీక్షలు ముందు, సర్జ్ అన్నిటికంటే చివర. సర్జ్‌కు బోర్డు పోతే మిగతా రోజంతా అద్దె కడుతూ గోడలు చూడాలి.

తప్పితే ఒక్కో తీగను విప్పుతూ చూడండి. సెన్సర్ తీగ విప్పగానే రేఖ దిగిపోతే రొద ఆ తీగ మీద పోతోంది. ఏ తీగ విప్పినా దిగకపోతే బోర్డే పాడుతోంది. ఒకేసారి మూడు మందులు వేయకండి, ఏది పనిచేసిందో తెలియదు. అన్నీ వేసి ఉత్తీర్ణత వచ్చాక ఒక్కొక్కటి తీస్తూ ఏది నిజంగా అవసరమో తేల్చుకోవడం మాత్రం మంచి పద్ధతి, సమయం మిగిలితే.

తొమ్మిదో మెట్టు: నివేదిక చేతికొచ్చాక

నివేదిక మీరు ఇచ్చిన ఆ నమూనాకే వర్తిస్తుంది. కాబట్టి ఆ నమూనాలోని ప్రతి భాగం పేరు, తయారీదారు, బోర్డు వెర్షన్, ఫర్మ్‌వేర్ సంఖ్య, తీగలు పోయే దారి ఫోటోలతో సహా ఒక ఫైలులో పెట్టండి. ఎగుమతి ఆలోచన ఉంటే యూరప్‌లో అమ్మడానికి కావాల్సిన సీఈ గుర్తుకు అడిగే సాంకేతిక ఫైలు కూడా దాదాపు ఇదే. సీఈ గుర్తున్న ఎస్‌ఎంపీఎస్, సీఈ గుర్తున్న మోడెం కలిపినంత మాత్రాన మీ పెట్టెకు ఆ గుర్తు రాదు. మొత్తం పెట్టెకు బాధ్యత మీదే.

కిందటి దీపావళి ముందు మా ఎస్‌ఎంపీఎస్ దొరకలేదు. కుర్రాడు ట్రంకు రోడ్డులో అదే పెట్టె, అదే అచ్చు ఉన్న వేరే బ్యాచ్ తెచ్చి నలభై బిగించేశాడు. ఒకటి విప్పి చూస్తే చోక్ చోట రెండు తీగ ముక్కలు. నలభై పెట్టెలూ వెనక్కి విప్పించాను. అప్పటి నుంచి ఏ భాగం మారినా, అమ్మేవాడు అదే అని ఒట్టేసి చెప్పినా, కొత్త బ్యాచ్‌లో మొదటి పెట్టెను రేడియో పక్కన పది నిమిషాలు, కందిరీగ పక్కన ఒక నిమిషం పెట్టాకే మిగతావి బిగిస్తున్నాం.